కారం కాని కారాలు

అందరికీ నమస్కారం. ఈసారి పోస్టు సంగతంతా ఆ మాటలోనే ఉంది. "నమస్కారం" అన్న మాట చివర ఏముందో ఒకసారి చూడండి. కారం. నేను ఇరవై ఆరేళ్ళుగా పెద్దవాళ్ళకి నమస్కారం పెడుతున్నాను. అందులో కారం ఉందని మొన్నటిదాకా నాకు కనిపించలేదు.

నేను సింగపూర్‌లో పుట్టాను. మా ఇంట్లో అమ్మ, నాన్న తెలుగులో మాట్లాడతారు, నేను ఇంగ్లీషులో జవాబిస్తాను. మీలో చాలామంది ఇళ్ళలో ఇంతే కదా! ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. నేను తమిళం తీసుకున్నాను. తెలుగు అక్షరాలు ఇరవై మూడేళ్ళ వయసులో నాకు నేనే నేర్చుకున్నాను.

అక్షరాలు ఇంకా సరిగ్గా రాని ఆ రోజుల్లో జరిగిన ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

ఆదివారం రాత్రి తొమ్మిది. గుంటూరులో అప్పుడు సాయంత్రం ఆరున్నర. అమ్మమ్మకి ఫోన్ చేసే టైమ్ అదే. మామూలుగా మా మాటలు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. అన్నం తిన్నావా, ఆఫీసుకి వెళ్ళావా, అక్కడ వానలా, ఎప్పుడొస్తావు. ఈ నాలుగు ప్రశ్నలకీ నా దగ్గర తయారుగా నాలుగు జవాబులు ఉండేవి. వాటికి మించి అమ్మమ్మ ఏం చెప్పినా "ఊఁ", "అవునా" అనేదాన్ని.

ఆ రోజు అమ్మమ్మ అన్నం గురించి అడగలేదు. "ఇల్లు అమ్మేస్తున్నారే" అంది. తాతయ్య పోయాక ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉండేది. మామయ్య విజయవాడలో తన ఫ్లాట్‌కి తీసుకెళ్తానంటున్నాడని నాకు తెలుసు. తర్వాత అమ్మమ్మ ఏదో చాలాసేపు చెప్పింది. నాకు సగం అర్థం కాలేదు. చివరికి ఒక మాట అంది.

"ఏం చేస్తాం తల్లీ. మమకారం చంపుకోవాలి."

నాకు వినిపించింది "మా కారం". మా ఇంట్లో మా కారం అంటే ఒకటే. ప్రతి వేసవిలో అమ్మమ్మ మిరపకాయలు ఎండబెట్టి, పట్టించి, ఎవరు సింగపూర్ వస్తుంటే వాళ్ళ పెట్టెలో పెట్టి పంపే రెండు కిలోల కారప్పొడి. అమ్మ దాన్ని పాత హార్లిక్స్ సీసాల్లో పోసి దాచుకుంటుంది. ఇల్లు అమ్మేస్తే డాబా ఉండదు. డాబా లేకపోతే మిరపకాయలు ఎక్కడ ఎండబెడుతుంది? అందుకే కారం ఇంక ఉండదని బాధపడుతోంది అనుకున్నాను. నాకైతే అంతా సరిగ్గా అతికింది. మొదటిసారి ఒక పెద్ద వాక్యం అర్థమైందని సంతోషం కూడా వేసింది.

నవ్వుతూ, "కారం గురించి ఏం బాధపడకు అమ్మమ్మా! ఇక్కడ టెక్కాలో ప్యాకెట్లు దొరుకుతాయి" అన్నాను.

అవతల ఒక క్షణం ఏమీ వినిపించలేదు. తర్వాత అమ్మమ్మ, "సరేలే. అన్నం తిన్నావా?" అంది.

అంతే. ఆ కాల్ అయిపోయింది. ఇల్లు అమ్మేశారు. అమ్మమ్మ విజయవాడ వెళ్ళింది.

సుమారు ఏడాది తర్వాత నేను ఒక తెలుగు కథ చదువుతున్నాను. నా చదువు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక్కో పేజీకి అరగంట. అందులో ఒక ముసలాయన ఊరు వదల్లేకపోతాడు. "ఊరి మీద మమకారం" అని ఉంది. ఊరి మీద కారం ఏమిటి అని నిఘంటువు చూశాను. నాది అన్న భావం, ప్రేమ, వదులుకోలేనితనం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒకటే తోక

బాధగా ఉన్నప్పుడు నేను జాబితాలు రాస్తాను. ఇది చిన్నప్పటి అలవాటు. ప్రైమరీ స్కూల్లో మా ఇంగ్లీష్ టీచర్ ఒకసారి ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలు వరసగా వచ్చే మాటలన్నీ రాసుకు రమ్మన్నారు. రాసుకెళ్ళాం. టఫ్, కాఫ్, దో, త్రూ, బౌ, థాట్. అక్షరాలు అవే నాలుగు, పలికేది మాత్రం ఆరు రకాలు. క్లాసంతా గొడవ. టీచర్ నవ్వి, "ఇంగ్లీష్ ఇంతే, గుర్తుపెట్టుకోవడమే" అన్నారు.

తెలుగులో ఆ గొడవ లేదు. "కారం" ఎక్కడున్నా కారం అనే పలుకుతాం. చూసింది చూసినట్టు చదవొచ్చు. కానీ చూశారా, నా పొరపాటు అక్కడే మొదలైంది. పలుకు ఒకటే కాబట్టి అర్థం కూడా ఒకటే అనుకున్నాను. ఇంగ్లీషు మన నోటిని మోసం చేస్తుంది. తెలుగు నా చెవిని మోసం చేసింది.

సరే, "కారం"తో ముగిసే మాటలన్నీ రాద్దామని కూర్చున్నాను. మొదటి కష్టం నిఘంటువుతోనే వచ్చింది. నిఘంటువులో మాటలు మొదటి అక్షరం ప్రకారం ఉంటాయి. సి.పి. బ్రౌన్ 1852లో తెచ్చిన తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువైనా అంతే. అహంకారం మొదట్లో ఉంటుంది, హాహాకారం చివర్లో ఉంటుంది. తోకలు ఒకటే అయినా ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోవు. అందుకని నా కంప్యూటర్‌లో ఉన్న కథలు, వార్తలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, అందులో "కారం" అని వెతికాను.

అప్పుడే నమస్కారం దొరికింది. మొదట కంప్యూటర్ తప్పు చేసిందనుకున్నాను. ఎందుకంటే "నమస్కారం"లో నా కంటికి "కా" కనిపించదు. కనిపించేది "స్కా". దీర్ఘం స పైన ఉంది, క కిందికి వెళ్ళి ఒత్తుగా మారింది. నేను ఒక్కో అక్షరాన్ని బొమ్మలా గుర్తుపట్టి చదువుతాను కాబట్టి, నాకు అది వేరే బొమ్మ. కంప్యూటర్ అలా చూడదు. దానికి స్ తర్వాత క, క తర్వాత దీర్ఘం, తర్వాత రం. పలికే వరసలోనే దాచుకుంటుంది. ఒత్తులు చదవడంలో నాలాగా తడబడేవాళ్ళకి ఇది బాగా ఉపయోగపడుతుంది. ఒత్తుని అక్షరం కింద వేలాడే గుర్తులా చూడకండి. పలకండి. పలికితే లోపలున్న మాట బయటికొస్తుంది.

ఇదీ నా జాబితా. అన్నీ కాదు, వినగానే పనికొచ్చేవి మాత్రమే.

చేసే కారాలు

సంస్కృతంలో "కృ" అంటే చేయడం. ఈ కారం అందులోంచి వచ్చింది. ముందున్న ముక్క తెలిస్తే సగం అర్థం తెలిసినట్టే.

ఉపకారం: మేలు చేయడం.
అపకారం: కీడు చేయడం.
సహకారం: "సహ" అంటే కలిసి. కలిసి చేయడం, తోడ్పాటు.
ప్రతీకారం: నువ్వు నాకు చేసినదానికి నేను తిరిగి చేయడం. పగ తీర్చుకోవడం. సినిమాల్లో బాగా వినిపిస్తుంది.
స్వీకారం: తీసుకోవడం. వార్తల్లో "ప్రమాణ స్వీకారం" అంటారు. కొత్త మంత్రులు వచ్చినప్పుడల్లా ఈ మాట వస్తుంది.
అంగీకారం: ఒప్పుకోవడం.
అలంకారం: ముస్తాబు చేయడం.
అంధకారం: "అంధ" అంటే గుడ్డి. కళ్ళు కనిపించకుండా చేసేది. అంటే చీకటి.

ఒత్తులో దాక్కున్న కారాలు

నమస్కారం: "నమస్" అంటే వంగి దండం పెట్టడం.
పురస్కారం: "పురస్" అంటే ముందు. ఒక మనిషిని ముందుకు తెచ్చి గౌరవించడం. అవార్డు.
తిరస్కారం: "తిరస్" అంటే పక్కకి. పక్కకి నెట్టేయడం. పురస్కారం, తిరస్కారం ఒకదాని పక్కన ఒకటి రాసుకుంటే ఎప్పటికీ మర్చిపోరు.
సత్కారం: మంచిగా చూసుకోవడం, గౌరవించడం. ఇక్కడ ఉగాది కార్యక్రమాల్లో శాలువా కప్పేటప్పుడు వింటాం. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. అప్పటినుంచీ ఎన్ని శాలువాలు కప్పి ఉంటారో!
సంస్కారం: మంచి పెంపకం, మర్యాద. "సంస్కారం లేదు" అంటే పెద్ద తిట్టే.
చమత్కారం: "చమత్" అనేది ఆశ్చర్యపోయినప్పుడు వచ్చే చప్పుడు. మనల్ని అలా ఆశ్చర్యపరిచే తెలివైన మాట.

చప్పుడు చేసే కారాలు

ఇవి నాకు చాలా ఇష్టం. ముందు చప్పుడు, వెనక కారం. అంటే ఆ చప్పుడు చేయడం.

హాహాకారం: హా! హా! అని జనం ఏడవడం. నేను నవ్వు అనుకున్నాను. మెసేజ్‌లో నవ్వడానికి ఈ మాట వాడకండి, ప్లీజ్.
ఝంకారం: తుమ్మెద చప్పుడు.
ఘీంకారం: ఏనుగు చప్పుడు.
హుంకారం: కోపంతో "హుఁ" అనడం.
ఛీత్కారం: "ఛీ" అనడం.
ధిక్కారం: "ధిక్" కూడా ఛీ లాంటిదే. పెద్దవాళ్ళ మాటకి ఎదురు తిరగడం.

అక్షరాలకి కూడా ఇదే తోక. అకారం అంటే "అ" అనే అక్షరం. మకారం అంటే "మ". జాగ్రత్త, అకారం వేరు, ఆకారం వేరు. ఆకారం అంటే రూపం. ఒక్క దీర్ఘంతో మాటే మారిపోతుంది. ఇక శ్రీకారం అంటే "శ్రీ" అని రాయడం. పాతకాలంలో ఏది రాసినా పైన శ్రీ రాసి మొదలుపెట్టేవారు. అందుకే ఏదైనా మొదలుపెడితే "శ్రీకారం చుట్టారు" అంటారు.

తమిళం చదివినవాళ్ళకి గుంతలు

నాలా బడిలో తమిళం చదివినవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. తమిళంలో కూడా కారం అంటే కారమే. లిటిల్ ఇండియాలో ఏ హోటల్లో అడిగినా అర్థమవుతుంది. కానీ మాట మధ్యలో వచ్చే క ని తమిళులు గ లాగా పలుకుతారు. "అదిగారం" అంటారు. అందుకే పదేళ్ళు తమిళం చదివినా నాకు ఈ తోక వినపడలేదు.

అర్థాలు కూడా మారతాయి. తమిళంలో అధికారం అంటే పెత్తనమే కాదు, పుస్తకంలో ఒక భాగం కూడా. తిరుక్కురళ్‌లో 133 అధికారాలు, ఒక్కోదానిలో పది పద్యాలు. పరీక్ష కోసం బట్టీ పట్టాం. తర్వాత తెలుగు వార్తల్లో "అధికారం కోసం పోరాటం" అని విని, ఏ పుస్తకంలో అధ్యాయం కోసం కొట్టుకుంటున్నారా అనుకున్నాను.

ఇంకోటి. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్తే తమిళ ఫ్రెండ్స్ గుడి చుట్టూ ఉండే దారిని "పిరగారం" అంటారు. నేను ఇంటికొచ్చి నాన్నతో "ప్రకారం చుట్టూ మూడుసార్లు తిరిగాను" అన్నాను. నాన్న, "దేని ప్రకారం?" అన్నారు. తెలుగులో గుడి చుట్టూ ఉండే గోడ ప్రాకారం. "నువ్వు చెప్పిన ప్రకారం చేశాను" అన్నప్పుడు ప్రకారం. మళ్ళీ ఒక్క దీర్ఘం!

కడుపులో తిప్పే కారం, నోట్లో మండే కారం

వికారం అంటే కడుపులో తిప్పడం, వాంతి వచ్చేలా ఉండడం. కారం ఎక్కువ తిన్నందువల్ల వచ్చేది వికారం అని గుర్తుపెట్టుకున్నాను. ఇది నిజమైన సంబంధం కాదు, నా సొంత గుర్తు మాత్రమే.

అసలు కారం, అంటే నోరు మండించేది, ఈ "చేయడం" కుటుంబానికి చెందింది కాదు. అది వేరే మాట. రుచి పేరు. వెల్లుల్లి కారం, కరివేపాకు కారం, నల్లకారం, కారప్పూస, ఇవన్నీ దాని పిల్లలు. తమాషా ఏమిటంటే మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారానికి ఎక్కువగా మిరియాలు వాడేవారు. బయటినుంచి వచ్చిన కాయ ఇప్పుడు గుంటూరు పేరుతో ప్రపంచమంతా తిరుగుతోంది. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

చివరిగా రెండు మాటలు. అహంకారం, మమకారం. "అహం" అంటే నేను. "మమ" అంటే నాది. నేను, నేను అనడం అహంకారం. నాది, నాది అనడం మమకారం.

అమ్మమ్మ పొద్దున్నే టీవీలో ప్రవచనాలు వింటుంది. వాటిలో ఈ రెండు మాటలూ జంటగా వస్తాయని అమ్మ చెప్పింది. అహంకార మమకారాలు వదులుకోవాలి అంటారట. అప్పుడు నాకు ఆ వాక్యం మొత్తం అర్థమైంది. "మమకారం చంపుకోవాలి" అన్నప్పుడు అమ్మమ్మ ఇంటి మీద ప్రేమ ఉందని చెప్పడమే కాదు, ఆ ప్రేమ ఉన్నందుకు తనని తానే మందలించుకుంటోంది. ఆ వయసులో ఇంకా నాది, నాది అంటున్నానని సిగ్గుపడుతోంది. మామయ్యతో అనలేదు, అమ్మతో అనలేదు. నాతో అంది. నేను టెక్కాలో ప్యాకెట్లు దొరుకుతాయి అన్నాను.

డిసెంబర్

పోయిన డిసెంబర్‌లో విజయవాడ వెళ్ళాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక అప్పటిదాకా ఆగాను. మామయ్య ఫ్లాట్‌లో బాల్కనీ చిన్నది. అందులో సగం అమ్మమ్మ రోలు ఉంది. గుంటూరు ఇంటి నుంచి తెచ్చిన పెద్ద వస్తువు అదొక్కటే. రుబ్బడానికి ఎవరూ వాడడం లేదు. దాని మీద ఒక తులసి కుండీ పెట్టారు.

నేను ముందే వాక్యాలు రాసుకుని, అమ్మ చేత దిద్దించుకుని, విమానంలో వల్లె వేశాను. అమ్మమ్మ పక్కన కూర్చుని చెప్పాను. "అమ్మమ్మా, నువ్వు ఇల్లు అమ్మేటప్పుడు ఫోన్‌లో మమకారం అన్నావు. నాకు ఆ మాట తెలీదు. నేను కారం అనుకున్నాను. తప్పుగా మాట్లాడాను."

అమ్మమ్మకి గుర్తులేదు అనుకున్నాను. గుర్తుంది.

"నువ్వు వెటకారం చేశావనుకున్నానే" అంది.

నా జాబితాలో వెటకారం లేదు. ఏ కథలోనూ నాకు తగల్లేదు. "అంటే ఏంటి?" అని అడగాల్సి వచ్చింది. అమ్మమ్మ చెప్పలేకపోయింది. మామయ్య వంటింట్లోంచి, "ఎగతాళి! ముసలిది ఇల్లు ఇల్లు అని ఏడుస్తుంటే, కారం కొనుక్కుంటాంలే అన్నావట కదా" అని అరిచాడు. అంటే ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అలాగే అనుకున్నారు. నేను రెండేళ్ళుగా అర్థం కాని మనవరాలిని అనుకుంటున్నాను. వాళ్ళ లెక్కలో నేను లెక్కలేని మనవరాలిని.

నాకు ఏడుపొచ్చింది. తెలుగులో ఏం అనాలో రాలేదు. ఇంగ్లీషులో సారీ, సారీ అన్నాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఊరుకో. మాట తెలీకపోతే ఏం చేస్తావు" అంది. కాసేపాగి, "నాకూ తట్టలేదు చూడు. నీకు మాట తెలీదేమో అని నాకు తట్టలేదు. చక్కగా మాట్లాడతావుగా" అంది.

చక్కగా మాట్లాడతావుగా! నా నాలుగు జవాబులు అంత బాగా వల్లె వేసినందుకు ఇదీ ఫలితం. అర్థం కానప్పుడు "ఊఁ" అన్నందుకు. మనలో ఎంతమందిమి ఇలా నెట్టుకొస్తున్నామో కదా. అర్థం కాలేదని చెప్తే పెద్దవాళ్ళు బాధపడతారని తల ఊపుతాం. వాళ్ళేమో మనకి అర్థమయ్యే అలా అన్నామనుకుంటారు.

ఆ సాయంత్రం అమ్మమ్మని ఇంటి గురించి మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. ఈసారి తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆపాను. దొడ్డి అంటే ఏంటి, చూరు అంటే ఏంటి, గచ్చు అంటే ఏంటి. అమ్మమ్మ విసుక్కుంది. "ఇలా అయితే తెల్లారుతుందే" అంది. కానీ చెప్పింది. తాతయ్య సైకిల్ ఆనించే గోడ మీద హ్యాండిల్ గీతలు ఉండేవట. రంగులు వేసినప్పుడల్లా ఆ ముక్క వదిలేయమని అమ్మమ్మ పనివాళ్ళకి చెప్పేదట. ఇల్లు కొన్నవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు.

మమకారం అంటే ఏమిటో ఇప్పుడు నన్నడిగితే నిఘంటువు అర్థం చెప్పను. ఆ గోడ గురించి చెప్తాను.

నా నోట్‌బుక్‌లో జాబితా చివర వెటకారం చేర్చాను. మీరూ ఇలాంటి జాబితా రాయాలనుకుంటే మొదటి అక్షరంతో కాకుండా తోకతో మొదలుపెట్టండి. ఒకే తోక ఉన్న మాటల్ని పక్కపక్కన పెట్టి పైకి చదవండి. ఏది చుట్టమో, ఏది కాదో పెద్దవాళ్ళని అడగండి. అడగడం అన్నిటికంటే ముఖ్యం. ఫోన్‌లో మాట అర్థం కాకపోతే "ఊఁ" అనకండి. "ఆ మాట తెలీదు, మళ్ళీ చెప్పు" అనండి. ఈ వాక్యం నేను ఇప్పుడు వారానికి పదిసార్లైనా వాడుతున్నాను.

వచ్చేసారి "గారం"తో ముగిసే మాటలు: బంగారం, సింగారం, ఇంకా ఉత్త గారం. అమ్మమ్మ దగ్గర ఇప్పటికే మొదలుపెట్టాను. ఈ పోస్టులో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. వెటకారం చేసినా పర్వాలేదు. ఇప్పుడు నాకు అర్థమవుతుంది.